శాసనానికి పట్టని చుక్క

హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో తేదీ చాలా వివరంగా ఉంటుంది: శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. అంటే 1163 జనవరి 19. వడ్డవారమంటే శనివారం. ఇప్పుడు లెక్క కట్టి చూసినా ఆ రోజు శనివారమే వస్తుంది. రుద్రదేవుడి కాలంలో పంచాంగం లెక్క అంత పక్కాగా ఉండేది.

అదే రుద్రదేవుడు ఏలుతుండగా, 1181 ఆగస్టులో, కాసియోపియా నక్షత్రమండలంలో కొత్త చుక్క ఒకటి వెలిగింది. అదొక సూపర్‌నోవా. చైనా, జపాన్‌లలో దాన్ని రాసిపెట్టారు. 185 రోజులు కనిపించిందని చైనా లెక్క. ఓరుగల్లు నుంచి చూస్తే కాసియోపియా ఉత్తరాన బాగానే పైకి వస్తుంది. వానాకాలం మబ్బులు కొన్నాళ్ళు దాచినా, చలికాలం రాత్రుల్లో తలెత్తి చూసినవాళ్ళకి ఆ చుక్క కనపడే ఉండాలి.

కానీ నేను చదివిన కాకతీయ శాసనాల్లో దాని ఊసు లేదు. మనవాళ్ళకి ఆకాశం పట్టలేదని దీనికి అర్థం కాదు. శాసనం ప్రధానంగా దానపత్రం. గ్రహణానికి, సంక్రాంతికి అందులో చోటుంది, ఎందుకంటే అవి పుణ్యకాలాలు, ముందే లెక్కకు అందేవి. చెప్పాపెట్టకుండా వచ్చిన చుక్క పేరున ఎవరూ భూమి దానం చెయ్యరు. చైనాలో అలా కాదు. అనుకోనిది ఏది కనిపించినా చక్రవర్తికి శకునమే, అది కనిపెట్టడానికే ఆస్థానంలో ఉద్యోగులుండేవారు. లాగ్ ఫైల్లో కూడా అంతే కదా, ఏం రాయమని చెప్తే అదే పడుతుంది.

ఆ పాత రాతలు ఇవాళ ఖగోళ భౌతికశాస్త్రానికి డేటా. 2013లో డానా పాచిక్ అనే అమెరికన్ ఔత్సాహికుడు పీఏ 30 అనే నెబ్యులాను కనిపెట్టాడు. అది 1181 నాటి పేలుడు శేషమని 2021లో పరిశోధకులు ప్రతిపాదించారు. అందులో పదార్థం సెకనుకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల వేగంతో వ్యాపిస్తోంది. ఆ వేగాన్ని వెనక్కి నడిపిస్తే పన్నెండో శతాబ్దం దగ్గర తేలుతుంది, కానీ అటూ ఇటూ కొన్ని దశాబ్దాల తేడాతో. సరిగ్గా ఏ నెలో చెప్పింది మాత్రం కంటితో చూసి రాసినవాళ్ళే.

2025లో ఇంకో ఆధారం చర్చకొచ్చింది. సలాదీన్‌ను పొగుడుతూ ఇబ్న్ సనా అల్ ముల్క్ చెప్పిన అరబ్బీ పద్యంలో ఉన్నది ఈ చుక్కేనని కొందరు పరిశోధకులు వాదించారు. శాసనంలో పట్టనిది స్తుతిపద్యంలో పట్టిందన్నమాట. ఆ కాలపు మన కావ్యాల్లోనూ రాజును చుక్కలతో పోల్చిన చోట్లు బోలెడు. అలంకారమే కదా అని దాటేస్తాం. వాటిని ఒకసారి తేదీలు పక్కన పెట్టుకుని చదవాలి.