రిస్క్ కాగితం మీద కంపెనీది



పోయిన భాగంలో 1877 కరువు పనుల గురించి రాశాను. రిచర్డ్ టెంపుల్ మద్రాసు ప్రెసిడెన్సీలో మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలన్న కథ అది. మన కళ్యాణదుర్గం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. ఖజానాకు నష్టం రాకుండా కూలోని కడుపు కోశారు. ఇప్పుడు అదే లెక్క కాంట్రాక్టు కాగితాల్లో ఎలా ఉందో చూద్దాం.

పాత పద్ధతిలో డిజైన్ సర్కారు ఇంజనీరుది. చేసిన పనిని కొలిచి, రేటు కట్టి బిల్లు ఇచ్చేవాళ్లు. అమెరికాలో 'కన్‌స్ట్రక్షన్ మేనేజర్ ఎట్ రిస్క్' అని ఇంకో పద్ధతి ఉంది. ఖర్చు ఇంతకు మించదని మేనేజర్ ముందే హామీ రాసిస్తాడు, మించితే నష్టం అతనిదే. మన దగ్గర దీనికి దాయాది ఈపీసీ. సర్వే, డిజైన్, కట్టుబడి అన్నీ ఒకే కంపెనీకి, ఒకే మొత్తానికి. జలయజ్ఞంలో హంద్రీనీవా పనులు ఇలాగే ఇచ్చారు.

వినడానికి బాగుంది కదా? కానీ ధరలు పెరిగాయని కంపెనీలు మొత్తుకుంటే 2015 ఫిబ్రవరిలో జీవో 22 వచ్చింది. పెరిగిన ధరలో వాటా సర్కారు మోస్తుందట. మరి రిస్క్ ఎవరిది?

మా చిన్నాయన ఒక కాలువ లైనింగ్ పనికి పోయినాడు. రెండు నెలల కూలి రాలేదు. గుంపు మేస్త్రీని అడిగితే సబ్ కాంట్రాక్టర్ ఇయ్యలేదన్నాడు. సబ్ కాంట్రాక్టర్‌ని అడిగితే పైనుంచి బిల్లు రాలేదన్నాడు. మా చిన్నాయన కోసం ఏ జీవో రాలేదు. ఆయన బెంగుళూరు బస్సెక్కినాడు.

అప్పటికి చట్టం లేక కాదు. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం 21(4) ప్రకారం కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలి. ఆ అసలు యజమాని సర్కారు శాఖే కావచ్చు. విద్యార్థులు ఈ సెక్షన్ చదవండి, కొత్త లేబర్ కోడ్‌లో దాని జాడ వెతకండి.

ఇక కాంట్రాక్టర్ అయ్యేదెవరు? 1942 అక్టోబరులో బాబాసాహెబ్ వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో పబ్లిక్ వర్క్స్ కాంట్రాక్టుల్లో షెడ్యూల్డ్ కులాలకు వాటా అడిగాడు. ఉద్యోగాలు, చదువులు అడిగిన సంగతి అందరం చెప్పుకుంటాం, ఇది మాత్రం మనమే మర్చిపోయాం. టెండర్ వేయాలంటే ఇంత టర్నోవర్, ఇంత మిషనరీ, ఇలాంటి పని గతంలో చేసిన అనుభవం ఉండాలి. పని ఇవ్వందే అనుభవం ఎక్కడిది?

మన పొలిమేర దాటితే కర్ణాటక. అక్కడ టెండర్ల చట్టాన్నే సవరించి ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం పనులు కేటాయించారు. మొదట 50 లక్షల లోపు పనులకు, తర్వాత కోటి దాకా. మన 2019 చట్టం నామినేషన్ పనుల దగ్గరే ఆగింది. వందల కోట్ల ప్యాకేజీకి రెండూ వర్తించవు.

ఆ కాలువ ఏ కంపెనీదని మొన్న ఫోన్లో అడిగాను. "నాకేం తెల్సురా, బోర్డు ఇంగ్లీషులో ఉండె" అన్నాడు చిన్నాయన.

(మిగతాది వచ్చే భాగంలో)