కోడ్ ఫార్మాటింగ్ లైబ్రరీలు - మెమరీ పొదుపు: చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ప్రోగ్రాం అర్థం మారకుండా, దాని పాఠాన్ని తగిన చోట పంక్తులుగా విరిచి, చదవడానికి అనువుగా అమర్చే సాధనాలు కోడ్ ఫార్మాటర్లు. ఒక పంక్తిని విరవాలా వద్దా అని తేల్చడానికి ఎంత పాఠాన్ని మెమరీలో నిలుపుకోవాలన్నది వీటి నిర్మాణంలో మౌలికమైన ప్రశ్న. ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో లభించిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒప్పెన్ పద్ధతి:

డెరెక్ ఒప్పెన్ రచన 1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నివేదికగా వెలువడి, 1980లో పరిశోధన పత్రికలో ప్రచురితమైంది. పంక్తి వెడల్పు 80 అక్షరాలైతే, ఒక భాగం అందులో ఇముడుతుందో లేదో తెలుసుకోవడానికి అంతకు మించి ముందుకు చూడనవసరం లేదన్నది ఆయన గుర్తించిన సూత్రం. ఈ పద్ధతిలో ఒక ప్రక్రియ ముందు నడుస్తూ భాగాల నిడివిని కొలుస్తుంది; మరొకటి దాని వెనుకే ముద్రిస్తూ వస్తుంది. రెండింటి నడుమ ఉండేది ఒక చిన్న బఫర్ మాత్రమే. పనికి పట్టే కాలం పాఠం నిడివిని బట్టి పెరిగినా, మెమరీ అవసరం పంక్తి వెడల్పును దాటి పెరగదు.

3. వృక్షాకృతి - దాని మూల్యం:

1990ల చివర ఫిలిప్ వాడ్లర్ రూపొందించిన పద్ధతి వేరొక మార్గం పట్టింది. ఇందులో పత్రం కొద్దిపాటి బీజగణిత నియమాలకు లోబడే వృక్షం. చిన్న భాగాలను కలిపి పెద్ద అమరికలను నిర్మించడం సులభమైంది. ప్రతి సమూహానికీ రెండు రూపాలుంటాయి: ఒకే పంక్తిలో ఇమిడేది, విరిగేది. హాస్కెల్ భాష అవసరమైన మేరకే విలువలను గణిస్తుంది కాబట్టి అక్కడ ఈ జంట రూపాలు భారం కాలేదు. వెంటనే గణించే భాషల్లో మాత్రం ఇదే పద్ధతి అనవసరపు నకళ్లకు దారితీస్తుంది.

2000లో క్రిస్టియన్ లిండిగ్ దీనికి పరిష్కారం చూపాడు. వృక్షానికి నకలు తీయకుండా, ప్రతి భాగంతో పాటు 'చదును', 'విరుపు' అనే గుర్తుల్లో ఒకదాన్ని నడిపించాడు. 2017లో వచ్చిన ప్రెటియర్ ముద్రణ విధానంలోనూ ఇటువంటి గుర్తులే కనిపిస్తాయి. అయినా వృక్షం మిగిలే ఉంది. దాని కొమ్మలకు విడివిడిగా మెమరీ కేటాయించక తప్పలేదు.

4. వరుస బఫర్:

రస్ట్ భాషలో రాసిన రోమ్ ఫార్మాటర్ ఈ వృక్షాన్ని వరుసగా పరిచింది. సమూహం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గుర్తులతో సూచిస్తూ, అంశాలన్నిటినీ ఒకే బఫర్‌లో రాసే విధానం ఇది. దీనివల్ల వేలాది చిన్న కేటాయింపుల స్థానంలో, అవసరాన్ని బట్టి పెరిగే ఒకే వరుస నిలిచింది. రోమ్ నుంచి ఈ విధానం బయోమ్‌కూ, పైథాన్ కోసం వచ్చిన రఫ్ ఫార్మాటర్‌కూ సంక్రమించింది. రఫ్‌లో మూల పాఠంలోని పదానికి నకలు తీయకుండా దాని హద్దులను మాత్రమే నమోదు చేసే ఏర్పాటు కూడా ఉంది.

5. ముగింపు:

కేటాయింపుల సంఖ్య తగ్గడం, మెమరీ అవసరానికి పరిమితి ఏర్పడడం ఒకటి కావు. వరుస బఫర్ మొదటిదాన్ని సాధించింది. అయితే పత్రం మొత్తాన్ని అది ఇంకా మోస్తూనే ఉంది. రెండోదాన్ని ఒప్పెన్ 1979 నాటికే సాధించాడు. రస్ట్ కంపైలర్‌లోని అంతర్గత ముద్రణ భాగం, ఆ నివేదిక అనుబంధంలో ఉన్న ఫిలిప్ కార్ల్‌టన్ మెసా ప్రోగ్రాంకు పునర్నిర్మాణమే కావడం గమనార్హం. కాబట్టి ఈ చరిత్రను పాతదాన్ని కొత్తది తొలగించిన క్రమంగా చూడడం సరికాదు. రచనా సౌలభ్యం కోసం వదులుకున్న పొదుపును భాగాలుగా తిరిగి సంపాదించుకున్న క్రమంగా చూడడమే సముచితం.