మాల్బెక్ చిక్కదనం: ద్రాక్షదా, కొండదా?

మాల్బెక్ ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ గ్లాసులో దాదాపు నల్లగా, అంచున ఊదాగా కనిపిస్తుంది. నోట్లో బరువుగా నిలుస్తుంది. అర్జెంటీనా మాల్బెక్ నిండుదనం గురించి రాసేవారు తరచు సీసా మీది ఆల్కహాల్ శాతాన్ని చూపించి ఊరుకుంటారు. అది చాలదు. ఆల్కహాల్ బరువునిస్తుందే తప్ప రంగును, వగరును ఇవ్వదు. ఎర్ర వైన్ ద్రాక్షల్లో చాలావాటి రసానికి రంగే ఉండదు. రంగునిచ్చే ఆంథోసయనిన్లు తొక్కలోనూ, వగరునిచ్చే టానిన్లు తొక్కలోనూ గింజలోనూ ఉంటాయి. రసంతో పోలిస్తే తొక్క వాటా ఎంత ఎక్కువైతే వైన్ అంత చిక్కనవుతుంది. కాబట్టి మాల్బెక్ స్వభావాన్ని దాని తొక్క నుంచే చదవాలి.

ఈ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్స్ నైరుతి ప్రాంతం. 2009లో వెలువడిన జన్యు పరిశోధన దాని తల్లిదండ్రులను తేల్చింది: ఒకటి గాయాక్ ప్రాంతపు ప్రునెలార్, మరొకటి అంతరించే దశలో బయటపడిన మాగ్దలీన్ నువార్ దె షరాంత్. ఈ రెండోది మెర్లోకు కూడా జన్మనిచ్చింది. అంటే మాల్బెక్, మెర్లో తల్లి ఒక్కటైన అర్ధ తోబుట్టువులు.

లోట్ నది ఒడ్డున ఉన్న కాహోర్ పట్టణం ఈ ద్రాక్షతో చేసిన 'నల్ల వైన్'కు మధ్యయుగాల నుంచే పేరుపొందింది. అయినా ఆ పేరుకు తగిన సంత దొరకలేదు. నది దిగువన సముద్ర వాణిజ్యాన్ని గుప్పిట పెట్టుకున్న బోర్డో వర్తకులు, తమ సరుకు అమ్ముడుపోయేదాకా ఎగువ ప్రాంతాల వైన్‌ను అడ్డుకునేవారు. ఈ ప్రత్యేక హక్కులను 1776లో ఫ్రాన్స్ ఆర్థిక మంత్రి ట్యుర్గో రద్దు చేశాడు. తర్వాతి శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు తోటలను తినేసింది. 1956 ఫిబ్రవరి చలి మిగిలిన తీగల్లో చాలావాటిని చంపింది. 1971లో కాహోర్‌కు ప్రాంత గుర్తింపు దక్కింది. ఆ వైన్‌లో కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలన్నది నిబంధన.

ఈ లోపు తీగ ఆండీస్ చేరింది. అర్జెంటీనా రాజనీతిజ్ఞుడు దొమింగో సర్మియెంతో చొరవతో 1853లో ఆ దేశపు మెండోసాలో వ్యవసాయ పాఠశాల ఏర్పడింది. దాని బాధ్యత తీసుకున్న ఫ్రెంచి వ్యవసాయవేత్త మిషెల్ ఎమే పూజే తెచ్చిన రకాల్లో మాల్బెక్ ఒకటి. మెండోసాలో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది. తోటలు బతికేది ఆండీస్ మంచు కరిగి కాలువల్లో పారే నీటితో. అక్కడి ఆదివాసులైన వార్పే ప్రజలు ఆ కాలువల పని స్పానియార్డుల రాకకు ముందే ఎరిగినవారు. మాల్బెక్ చరిత్ర రాసేటప్పుడు పూజేకు ఇచ్చినంత చోటు వారికీ ఇవ్వాలి.

పొడి గాలి వల్ల బూజు తెగుళ్లు తక్కువ. కాహోర్ తడి వసంతంలో పూత రాలిపోయే బెడద ఇక్కడ బాగా తగ్గుతుంది. కానీ అసలు కథ ఎత్తులో ఉంది. 1992లో వైన్ తయారీదారు నికొలాస్ కతేనా మెండోసాలోని గ్వాల్తయారీలో దాదాపు 1,500 మీటర్ల ఎత్తున తోట వేసినప్పుడు, అక్కడి చలికి కాయ పండదని చాలామంది అన్నారు. పండింది. పగటి ఎండ చక్కెరను పెంచితే, రాత్రి చలి పులుపును కాపాడింది. ఆ ఎత్తున అతినీలలోహిత కిరణాలు తీక్షణం. తీగ తన కాయను కాచుకోవడానికి తొక్కలో రంగునూ టానిన్‌నూ పేర్చుకుంటుంది. మెండోసా పరిశోధకులు ఆ కిరణాలను ప్లాస్టిక్ తెరలతో అడ్డుకుని చూస్తే, గుత్తుల్లో పాలీఫెనాళ్లు, అంటే ఆ రంగు, టానిన్ పదార్థాలు, తగ్గాయి. కొండ ప్రభావానికి ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు కనబడలేదు.

అలాగని అంతా కొండకే కట్టబెట్టలేం. మెండోసా మాల్బెక్ గుత్తులు ఫ్రెంచి మాల్బెక్ గుత్తులకంటే చిన్నవి, కాయలూ చిన్నవి. తరతరాల ఎంపికా అందులో పనిచేసింది. కాహోర్ మాల్బెక్ మరింత వగరుగా, బిగువుగా ఉండటం లోపం కాదు; అదే వంశం చల్లని, తడి నేలలో చూపే ముఖం అది. చిక్కదనానికి బీజం కాహోర్‌ది, దాన్ని మెత్తగా పండించింది ఆండీస్. ఇకపై మాల్బెక్ మీద రాసేవారు దేశం పేరుతో ఆగకుండా, తోట ఎత్తును, తీగ వంశాన్ని కూడా నమోదు చేయాలి.