ఉప్పు మీద తేలే మంచినీళ్లు

కాకుమాను చుట్టుపక్కల నల్లరేగడిలో బావి తవ్వితే చాలాచోట్ల పడేది ఉప్పునీరే. సముద్రం అక్కడికి కనుచూపు మేరలో కూడా ఉండదు. అదే బాపట్ల దాటి సూర్యలంక వైపు ఇసుక నేలల్లోకి వెళ్లి, అలల హోరు వినిపించే చోట నిలువెత్తు గుంట తవ్వండి, తియ్యటి నీళ్లు ఊరతాయి. సముద్రానికి దూరాన ఉప్పు, చేరువలో తీపి. ఈ సంగతి ఆ ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ఎందుకలా జరుగుతుందో విప్పి చెప్పడానికీ, ఆ తీపిని చెడగొట్టకుండా పొలానికి మళ్లించడానికీ మాత్రం అమ్‌స్టర్‌డాం నుంచి బాపట్ల దాకా చాలామంది చెమటోడ్చారు.

ముందు నేల సంగతి. కృష్ణ డెల్టాలో ఇప్పుడున్న తీరం మొదటినుంచీ ఇక్కడ లేదు. కొన్ని వేల ఏళ్లుగా నది ఒండ్రు మోసుకొచ్చి మేట వేస్తూ సముద్రాన్ని వెనక్కి నెడుతూ వచ్చింది. తీరం కొంతకాలం నిలకడగా ఆగిన చోటల్లా అలలూ గాలీ కలిసి ఇసుకను గట్లుగా పోశాయి. అందుకే ఒడ్డుకు సమాంతరంగా, లోపలికి కిలోమీటర్ల కొద్దీ, వరసలు వరసలుగా ఇసుక మెరకలు కనిపిస్తాయి. బాపట్ల ఊరు అలాంటి మెరక మీదిదే. మెరకకూ మెరకకూ మధ్య పల్లాల్లో బంకమట్టి పేరుకుంది. ఆనాటి ఉప్పునీరు ఆ బంకమట్టిలో చిక్కుకుపోయింది. బంకమట్టి నీటిని పట్టి ఉంచుతుంది గాని కిందికి జారనివ్వదు. పైన ఎంత వాన కురిసినా పొరల్లోకి దిగి పాత ఉప్పును కడిగే దారి దానికి దొరకదు. ఇసుక అలా కాదు. ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడే ఆ తీరంలో కురిసిన చినుకులో పెద్ద వాటా గబగబా కిందికి దిగిపోతుంది. దిగి, కిందున్న ఉప్పునీటితో కలిసిపోకుండా దాని మీద పలచగా పరుచుకుని తేలుతుంది. ఈ పైపొర వల్లనే ఇసుక ఊళ్లలో కాపురాలు వెలిశాయి. బంకమట్టి పల్లెలు కాలువ వదిలినప్పుడు చెరువు నింపుకుని అవే ఏడాది పొడుగునా తాగుతూ వచ్చాయి.

ఏ నీరు ఏ పాటిదో మనవాళ్లు నాలుకతోనూ పొయ్యి మీదా తేల్చేవాళ్లు. పప్పు ఉడక్కపోయినా, సబ్బు నురగ రాకపోయినా ఆ బావి పనికిరాదని చెప్పేసేవాళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే జరిగేది సరిగ్గా అదే. నీటిలోని ఉప్పుకు రసాయన శాస్త్రం కొలత ఇచ్చింది. 1856లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫ్రెడ్రిక్ మోర్ చూపిన పద్ధతి మన కాలేజీ ల్యాబుల్లో నేటికీ నడుస్తోంది. నీటిలో రెండు చుక్కలు పొటాషియం క్రోమేట్ వేసి, పసుపు పచ్చగా మారాక సిల్వర్ నైట్రేట్ బొట్టుబొట్టుగా వదలాలి. క్లోరైడు ఉన్నంతసేపూ తెల్లటి మడ్డి కడుతుంది. అది అయిపోయిన క్షణాన నీరు ఇటుక రంగుకు తిరుగుతుంది. ఎంత సిల్వర్ నైట్రేట్ పట్టిందన్నదాన్ని బట్టి క్లోరైడు లెక్క తేలుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 19 గ్రాముల చొప్పున ఉండే ఈ క్లోరైడు, తాగే నీటిలో పావు గ్రాము దాటకపోతే మంచిదని మన ప్రమాణాలు చెబుతాయి.

ఉప్పు ఎంతో తెలిస్తే చాలదు, ఎక్కడిదో కూడా తెలియాలి. 1941లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త రోజర్ రెవెల్ అందుకొక గుర్తు పట్టాడు. మట్టిలోంచి దిగే వాననీరు అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని రాళ్లను కరిగిస్తూ బైకార్బొనేటును వెంట తెచ్చుకుంటుంది. సముద్రపు నీటిలో క్లోరైడుదే రాజ్యం. ఈ రెండింటి నిష్పత్తి చూస్తే బావిలోకి కడలి నీరు ఎంతవరకు చొరబడిందో అంచనా కట్టవచ్చు. 1954లో అమెరికాలోని రివర్‌సైడ్ లవణ పరిశోధనశాల తెచ్చిన 60వ నంబరు చేతిపుస్తకం సేద్యపు నీటిని విద్యుత్ వాహకతను బట్టి తరగతులుగా విడగొట్టింది. 2250 మైక్రోమ్హోలు దాటితే అతి ఉప్పు నీరు. ఊళ్లలో భూసార పరీక్షలు చేసేవాళ్లు రైతుతో మాట్లాడేటప్పుడు ‘ఈసీ ఎంతుంది’ అనేది ఈ వాహకత గురించే.

ఇక మంచినీరు ఉప్పునీటి మీద తేలే లెక్క. దీన్ని మొదట రాసిపెట్టినవాడు జోసెఫ్ దు కొమ్మన్, వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో పాఠాలు చెప్పిన ఫ్రెంచివాడు. 1828లో అమెరికా తీరపు బావుల మీద ఆయన రాసినది ఎవరి కంటికీ ఆనలేదు. ఆ తర్వాత 1889లో డచ్ సైనిక ఇంజనీరు బాడన్ గైబెన్ అమ్‌స్టర్‌డాం దగ్గరి బావి గురించి రాస్తూ అదే మాట చెప్పాడు. 1901లో జర్మనీ ఉత్తర తీరంలోని నార్డర్నై దీవిలో మంచినీటి బావులు పరీక్షించిన అలెగ్జాండర్ హెర్ట్స్‌బెర్గ్ గైబెన్ సంగతి తెలియకుండానే అక్కడికే చేరాడు. పేరు మాత్రం చివరి ఇద్దరికీ దక్కింది. లెక్క చూస్తే ఇంతే: సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర వంతులు బరువు. కాబట్టి ఇసుకలో మంచినీరు సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున నిలిస్తే, మట్టానికి దిగువన 40 అడుగుల మంచినీరు ఉండాలి. పైన ఒక అడుగు తోడేస్తే కింద ఉప్పు 40 అడుగులు పైకి లేవడానికి సిద్ధమవుతుంది. నిజమైన ఇసుకలో ఇది ఇంత సాఫీగా జరగదు. మధ్యలో బంకమట్టి పొరలు అడ్డుతగులుతాయి, రెండు నీళ్లూ కలిసే మందపాటి పొర ఒకటి ఉంటుంది, ఉప్పు లేవడానికి కొంత కాలమూ పడుతుంది. అయినా అది ఎటు కదులుతుందన్న విషయంలో ఈ లెక్క తప్పదు.

అమ్‌స్టర్‌డాం ఈ పాఠాన్ని నష్టపోయి నేర్చుకుంది. ఆ నగరం 1853 నుంచి తీరపు ఇసుక దిబ్బల నీళ్లు తాగుతోంది. జనం పెరిగారు, లోతు బావులు వేశారు, వాటిలో ఉప్పు తగలడం మొదలైంది. అక్కడి నీటి సరఫరా అధికారి పెనింక్ 1904, 1905లో గాజు పలకల మధ్య ఇసుక నింపి, ఉప్పునీటికి బదులు పాలు పోసి, పైనుంచి నీరు తోడుతూ చూశాడు. తోడే గొట్టం కిందికి పాలు కుప్పగా పైకి లేచి వచ్చాయి. ఒకే చోట గట్టిగా లాగితే కింది ఉప్పు శంకువులా లేస్తుందని కంటికి కనిపించేలా చూపిన తొలి ప్రయోగాల్లో అదొకటి.

ఇక్కడ మన దొరువు గురించి చెప్పాలి. బాపట్ల, వేటపాలెం, చీరాల తీరపు ఇసుకలో రైతులు తరతరాలుగా తవ్వుకున్న నీటి గుంట అది. నిలువు గోడలు ఇసుకలో నిలవవు, కూలిపోతాయి. అందుకే చుట్టూ వాలుగా తవ్వాలి. మూడు మీటర్ల లోతు కావాలంటే పైన పది మీటర్ల వెడల్పు పోతుంది. రైతు రెండు చేతులా రెండు కుండలు పట్టుకుని వాలులో దిగి, ముంచి, ఎక్కి వచ్చి, నారుమళ్ల మీదా కూరపాదుల మీదా చల్లేవాడు. మళ్లీ దిగేవాడు. ఎండ ముదిరేదాకా అదే పని. దొరువులో ఎన్ని నీళ్లు ఊరితే అన్నే తోడేవాడు. అంతకు మించి లాగే సాధనం లేదు కాబట్టి ఉప్పు కదలలేదు. ఆ శ్రమను నేను అందమైన సంప్రదాయంగా చూపించదలచుకోలేదు. మనిషి నడుము విరిగే పని అది, పొలంలో కొంత నేలనూ మింగేది. కానీ నీటిని పైపైన, వెడల్పుగా, నెమ్మదిగా తీసుకోవడమనే కీలకం ఆ గుంటలో ఉంది.

మోటార్లు వచ్చాక చాలామంది సహజంగానే బోర్లు దించారు. లోతుకు వెళ్తే నీరు ఎక్కువ అన్నది మెట్ట ప్రాంతాల అనుభవం. ఈ ఇసుకలో లోతుకు వెళ్తే దొరికేది ఉప్పే.

నాలుగో పంచవర్ష ప్రణాళిక కాలంలో, అంటే 1969-74 మధ్య, కర్నాల్‌లోని కేంద్ర నేల లవణ పరిశోధన సంస్థ పర్యవేక్షణలో ఉప్పునీటితో సేద్యం మీద అఖిల భారత పరిశోధన పథకం మొదలైంది. ఆగ్రా, ధార్వాడ్, నాగపూర్‌లతో పాటు బాపట్లలో కేంద్రం పెట్టారు. తీర ప్రాంత సమస్యలు బాపట్ల వంతుకు వచ్చాయి. 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు, కాలి కిందే ఇసుక, పక్కనే సముద్రం. ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

అక్కడివాళ్లు దొరువును పక్కకు నెట్టలేదు. దాన్నే నేల లోపలికి దించారు. సిమెంటు ఒరలు దించి ఒక సంపు కడతారు. దాని అడుగు భాగం నుంచి అటూ ఇటూ, చిల్లులు పొడిచిన పీవీసీ గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరుస్తారు. ఇసుక దూరకుండా గొట్టాలకు నైలాను వల చుడతారు. పైన మళ్లీ ఇసుక కప్పేస్తారు, మామూలుగా పైరు వేసుకోవచ్చు. గొట్టం పొడుగునా కొంచెం కొంచెంగా నీరు చేరి సంపులోకి నడుస్తుంది, అక్కడినుంచి మోటారు తోడుతుంది. ఒక్క బోరు ఒకే చోట పెద్ద గుంతగా దించే నీటిమట్టాన్ని ఈ గొట్టాలు చాలా దూరం మేర కాస్తంత మాత్రమే దించుతాయి. పాల మీది మీగడను చెదరకుండా తీసినట్టు పైపొర తీపి వస్తుంది, కింది ఉప్పు కదలదు. రెండు కుండల రైతు చేసిన పనే ఇది, నడుము నొప్పి తప్ప. 2004లో ఎం. రఘుబాబు, బి. రాజేంద్రప్రసాద్, ఐ. శ్రీకాంత్ ఈ పద్ధతుల మీద బాపట్ల కేంద్రం తరఫున చిన్న పుస్తకం అచ్చు వేయించారు. మెరుగుపరచిన దొరువు అనే పేరుతో ఈ గొట్టాల పద్ధతి వ్యవసాయ వర్గాల్లో నిలిచింది.

చెప్పడానికి తేలికే గాని వేయడం కష్టం. తడి ఇసుకలో కాలువ తవ్వితే వెంటనే పూడిపోతుంది, నీరు తోడుతూనే గొట్టం పరచాలి. వేసవిలో మట్టం దిగిపోయినా గొట్టం నీటిలోనే ఉండాలి, అంతకన్నా లోతుకు పోతే ఉప్పుకు దగ్గరవుతుంది. కొలత అటూ ఇటూ అయితే డబ్బు ఇసుకపాలే. ఆ కొలత ఊరూరికీ మారుతుంది, అందుకే ముందుగా నీటిమట్టమూ ఈసీ రెండూ చూసుకోవాలి.

అదే చిల్లుల గొట్టం కాకుమాను లాంటి నల్లనేలల వైపు మరో పనికి వచ్చింది. అక్కడ తేర్చుకోవడానికి తీపి పొర లేదు, ఉన్న ఉప్పును పైరు వేళ్ల దగ్గర్నుంచి తొలగించాలి. 1990ల చివరి నుంచి బాపట్ల శాస్త్రవేత్తలు డచ్ నిపుణులతో కలిసి కృష్ణ పశ్చిమ డెల్టా చివరి భూములున్న ఉప్పుగుండూరులో, సాగర్ కుడి కాలువ కింద కొణంకిలో భూగర్భ మురుగు గొట్టాలు వేసి చూశారు. కాలువ నీటితో కడిగితే కరిగిన ఉప్పు గొట్టాల్లోంచి మురుగు కాలువకు పోతుంది. ఉప్పుతో పోరాడిన డచ్చివాళ్ల అనుభవం అలా మన తీరానికి చేరింది.

ఇన్ని చేతులు కలిసి కాపాడిన ఈ పలచటి పొరకు ఇప్పుడు రెండు వైపుల నుంచి ముప్పు ఉంది. ఇసుక మీద రొయ్యల చెరువులు కట్టి నెలల తరబడి ఉప్పునీరు నిలిపితే ఆ ఉప్పు దిగే చోటు దొరువుల నీరే. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో అలాంటి చెరువులు కూడదని తీర్పు చెప్పేటప్పుడు తాగునీరు ఉప్పెక్కిపోవడాన్నీ లెక్కలోకి తీసుకుంది. రెండోది ఇసుక తవ్వకం. దిబ్బ కేవలం ఇసుక కాదు, వాననీటిని సముద్రమట్టం కంటే ఎత్తున నిలిపే కట్ట. దిబ్బను లారీలకెత్తి, లోపల నిలిచిన నీటిమట్టం అర అడుగు పడిపోతే, గైబెన్ లెక్క ప్రకారం కింద 20 అడుగుల మంచినీరు ఉప్పుకు చోటిస్తుంది. దిబ్బ తవ్వడానికి అనుమతి రాసేవాళ్లు ఆ భాగహారం ఒక్కసారి కాగితం మీద వేసి చూడాలి.