బేగంపేట బాటలో పాత కార్లు

సికింద్రాబాదు దండు ప్రదేశమును పంజగుట్ట, అమీర్‌పేటలతో కలుపు మార్గము మీద, నిజాము వంశపు ఆడపడుచు బషీరున్నీసా బేగము పైగా అను ప్రభు కుటుంబమున మెట్టినపుడు అరణముగా పొందిన నేల బేగంపేట. పైగా ప్రభువుల సౌధమును, 1906లో పూర్తియైన స్పానిష్ మసీదును, జాగీర్దారుల కుమారుల విద్యకై 1923లో వెలసి పిమ్మట హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారిన కళాశాలయు, 1930ల దశకమున తలయెత్తిన విమానాశ్రయమును ఈ చుట్టుపట్టులనే యుండుటచేత, సామాన్యుడు మోటారు కారును కన్నులార చూచిన తావులలో ఇది మొదటి వరుసలోనిదని చెప్పవచ్చును. చూచుటకును కొనుటకును నడుమనున్న దూరమును తగ్గించినది పాత కారు. దేవిడీలను గూర్చియు, తోటలను గూర్చియు నగర చరిత్రకారులు విరివిగా వ్రాసిరి గాని, నెలజీతముపై బ్రతుకు గృహస్థు ఒకరు వాడి విడిచిన కారును తన గుమ్మము ముందు నిలుపుకొనుటకు ముందు పడిన యోచనను గూర్చి వ్రాసినవారు అరుదు. ఆ యోచనకును ఒక చరిత్ర కలదు. తక్కువ ధనముతో నమ్మదగిన బండి నెట్లు ఎన్నుకొనవలెనను ప్రశ్న మారలేదు. దాని ఉత్తరము మాత్రము తరతరమునకు మారుచు వచ్చినది.

ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తెప్పింపదలచిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912లో తయారగునప్పటికి ఆయన కీర్తిశేషుడయ్యెను. అది కుమారుడు ఉస్మాన్ అలీఖానునకు దక్కి, నేటికిని నగరములోనే యున్నది. ప్రపంచమునందలి ధనికులలో అగ్రగణ్యుడని పేరుగొన్న ఆ ప్రభువు నిత్యము తిరుగుటకు మాత్రము ఒక పాత ఫోర్డు బండినే వాడెనని ప్రసిద్ధి. ప్రజలకు 1932లో నిజాము రైల్వేవారి బస్సులు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరువై బొగ్గు బస్సులు నడచిన దినములలో కారు కలవారును దానిని షెడ్డులో నిలిపి గుర్రపు బండి నాశ్రయించుట యుండెను. 1949లో జాగీర్లు రద్దు కాగా, అనేక కుటుంబములు సొత్తులు విక్రయించి జీవింపవలసిన వారైరి. ఇంగ్లండు, అమెరికా దేశముల కార్లు దేవిడీల గుమ్మములు దాటి వకీళ్ళ, వైద్యుల, గుత్తేదారుల ఇండ్లకు చేరుట ఆ కాలమున జరిగిన మార్పులలో నొకటి.

ఈ చరిత్రలో మిక్కిలి విశేషమైన ఘట్టము తరువాతనే వచ్చినది. భాగములను విదేశముల నుండి తెచ్చి ఇచట బిగించుటకే పరిమితమైన సంస్థలు తొలగవలెనను ధోరణిలో 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేయగా, 1928 నుండి బొంబాయిలో కార్లు బిగించుచుండిన జనరల్ మోటార్స్ మరుసటి యేట కర్మాగారమును మూసికొనెను. ఫోర్డును అదే దారి పట్టెను. గృహస్థుని కంటికి మిగిలినవి ముఖ్యముగా మూడు: ఉత్తరపారా నుండి 1957లో వెలువడిన అంబాసిడర్, బొంబాయి కుర్లా నుండి వచ్చు ఫియట్, 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. కొత్త కారుకు పేరు వ్రాయించుకొన్నవాడు ఏండ్ల తరబడి నిరీక్షింపవలసి వచ్చుటచే, ప్రభుత్వము నిర్ణయించిన ధరకు కొన్న బండి కొంత తిరిగిన పిమ్మట అంతకంటె ఎక్కువ వెలకు అమ్ముడుపోవు విపరీతము కలిగినది. దీనిని అరికట్టుటకే కేంద్ర ప్రభుత్వము 1959లో మోటారు కార్ల పంపిణీ, విక్రయముల నియంత్రణోత్తర్వును తెచ్చి, కొన్నవారు నిర్ణీత కాలము గడువక అనుమతి లేనిదే మరల అమ్మరాదని కట్టడి చేసెను.

అట్టి దినములలో కొద్దిపాటి జీతముతో కారు కోరినవానికి చిక్కినది పది పదునైదేండ్లు తిరిగి, రెండు మూడు చేతులు మారిన బండి. అది చెడునని తెలిసియే అతడు కొనెను. దారిలో ఆగిపోయిన బాగుచేయువాడు దొరకునా, కావలసిన సామాను రాణిగంజిలో లభించునా యనునవే అతని విచారములు. అంబాసిడరునకు కలిగిన గౌరవము ఇక్కడ పుట్టినదే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా దశాబ్దముల పాటు పెద్ద మార్పు లేక సాగుటచే ఒక బండి నుండి ఊడదీసిన భాగము మరొక బండికి ఇమిడెడిది. ఆదిలాబాదు మార్గమున ఆగినను, అద్దంకి మార్గమున ఆగినను, పానా పట్టినవాడు ఎవడైనను దాని ఇంజను తెలిసినవాడే. ఆ తరము దృష్టిలో నమ్మదగినదనగా సులభముగా బాగుపడునది. ఇది చిన్న గుణము కాదని నా నిశ్చయము.

ఆ కాలపు అసలు న్యాయాధికారి షెడ్డు మేస్త్రీ. ఆయన పరీక్ష చూడదగినది. వచ్చుచునే బానెట్టుపై అరచేయి వేయును. అది వెచ్చగా నున్నదా, బేరము మరునాటి యుదయమునకు వాయిదా, ఏలయన ముందుగనే వేడిచేసి పెట్టిన ఇంజనులో చలికి మొరాయించు దోషము మరుగుపడును. చల్లని ఇంజనునకు సెల్ఫ్ కొట్టించి, పొగగొట్టము వెనుక నిలిచి, నీలిపొగ వచ్చిన రింగులరిగి ఆయిలు కాలుచున్నదనియు, నల్లపొగ వచ్చిన పెట్రోలు మితిమీరి దిగుచున్నదనియు, వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ ఆగనిచో హెడ్ గాస్కెట్టు విఫలమై నీరు లోనికి చొరబడుచున్నదనియు అనుమానించును. తరువాత ఇంజను నడుచుచుండగనే ఆయిలు పోయు మూతను విప్పి ఆ రంధ్రముపై అరచేయి ఆన్చును. లోపలి గాలి చేతిని బలముగా తన్నినచో రింగులును సిలిండరులును అరిగినట్లే, రీబోరు ఖర్చు ధరలో తగ్గవలసినదే. ఆ మూత అడుగున మీగడ వంటి తెల్లని జిడ్డు దట్టముగా కనబడిన, ఆయిలులో నీరు కలిసినదేమో తేలువరకు బయానా ఇచ్చు మాట లేదు. పిదప కారు క్రింద దూరి, తుప్పును టింకరింగు ఎచ్చట కప్పినదో స్క్రూడ్రైవరు పిడితో తట్టి వినును. ఏ పాఠశాలయు నేర్పని ఈ విద్యకు మన సమాజమిచ్చిన గౌరవము చాలదని నాకు తోచును; మధ్యతరగతి కుటుంబముల కష్టార్జితమును కాపాడినది ఆ అరచేయియే.

1983 డిసెంబరు 14న మారుతి 800 తొలి కారు తాళపు చెవులు చేతులు మారెను. సుమారు 50,000 రూపాయల వెలగల ఆ చిన్న బండి కాలక్రమమున పాతబడి బజారునకు రానారంభించినంతనే పూర్వపు తూనిక తప్పినది. దీని కొనుగోలుదారుడు షెడ్డునకు పోనక్కరలేని కారునే నమ్మదగినదనెను. అమీర్‌పేట మైత్రీవనము చుట్టు వెలసిన శిక్షణాలయములలో కంప్యూటరు విద్య నేర్చి ఉద్యోగము సంపాదించిన యువకులు మొదట ఎక్కినవి ఇట్టి పాత మారుతులే. వారిలో అమెరికా వీసా వచ్చినవారు తొందరలో అమ్మిపోవు ఏక యజమాని బండ్లు మంచివను పేరు తెచ్చుకొన్నవి. కాని చెడని బండి యను నమ్మకము వెంటనే మీటరు తిప్పు విద్యయు వృద్ధిపొందినది. ఎన్ని కిలోమీటర్లు తిరిగినదనునదే వెలకు మూలమగుటచే, అంకెలను వెనుకకు త్రిప్పుటయే లాభమయ్యెను. తెలిసినవారు అంకెను విడిచి క్లచ్ పెడలు రబ్బరును, స్టీరింగు చక్రపు అరుగుదలను, డ్రైవరు సీటు అంచును చూడనేర్చిరి. ముప్పది వేల కిలోమీటర్లు చూపు మీటరును, నున్నగా అరిగిన పెడలును ఒక్క కారులో ఇముడవు.

పంజగుట్ట కావల నున్న ఖైరతాబాదు రవాణా కార్యాలయము ఈ కథలో మరొక పాత్ర. 1939 నాటి చట్టము స్థానమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 1989 జూలై 1 నుండి అమలులోనికి వచ్చి, సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లునట్లు చేసెను. యాజమాన్యము మారుటకు 29, 30 సంఖ్యల ఫారములు. అప్పుపై కొన్న బండియైన ఫైనాన్సువారి బాకీ తీరినదని తెలుపు 35వ ఫారము. చాసిస్ సంఖ్యపై కాగితము నుంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయు పద్ధతి కొనువానికి గొప్ప రక్ష: ఆ నల్లని గీతలలో అంకెలు వంకరగా నున్నను, చుట్టును అతుకు కనబడినను, ఆర్‌సీ ఎంత శుభ్రముగా నున్నను ఆ బండిని విడువవలసినదే. ఈ కార్యాలయము కొత్త బండ్లకిచ్చు ఏపీ 9 అను నంబరు ఫలకములు 2014లో టీఎస్ 09 గాను, 2024లో టీజీ గాను మారినవి. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లను నిషేధించిన పిమ్మట చవకగా వచ్చు కార్లను కొనువారు, ఇచట కట్టవలసిన లైఫ్ టాక్సును కూడ కలిపి లెక్కించిన, ఆ చవక యెంతదో తెలియును. చేతనున్న సొమ్మంతయు వెలకే పోసి, టైర్లకు, బ్యాటరీకి, ఇన్సూరెన్సుకు ఏమియు మిగుల్చుకొనని కుటుంబముల బాధ చూచినవారికి ఈ లెక్క యెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

బేగంపేటకు స్వంతమైన విషయ మొకటి యున్నది, అది వరద. 2000 ఆగస్టు 24న ఇచటి వాతావరణ కేంద్రమున ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన నమోదు కాగా, కూకట్‌పల్లి నాలా పొంగి ప్రకాశ్‌నగర్, బ్రాహ్మణవాడి ప్రాంతములు జలమయమయ్యెను. 2020 అక్టోబరులో నగరము మరల మునిగెను. మునిగిన కారు కడిగి ఆరబెట్టిన కొత్తదివలె మెరయును గాని, లోపలి వైర్లలో పట్టిన చిలుము నెలల పిమ్మట బయటపడును. అందుచే ఈ వీధుల మేస్త్రీలు సీటుబెల్టును కొస వరకు లాగి బురద చార కొరకు వెదకుదురు, డిక్కీలో స్టెప్నీ టైరెత్తి దాని గుంటను వ్రేళ్ళతో తడవుదురు, తివాచీ క్రింది రేకును ముక్కుతో పరీక్షింతురు. ఈ తరమునకు నమ్మదగినదనగా గతము తెలిసిన బండి యని నేననుటకు ఇదియు నొక హేతువు.

గతము తెలియుట అమ్మినవానికిని అవసరమే. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో, కారును అమ్మివేసినను రిజిస్టరులో పేరు మారనంతవరకు ప్రమాదమునకు పరిహారము చెల్లింపవలసినవాడు పేరున్న యజమానియే యని తీర్పు చెప్పెను. కారు ఒక బ్రోకరు నుండి మరొక బ్రోకరునకు తెల్ల కాగితములపై సంతకములతోనే ప్రయాణించు అలవాటునకు ఇది పెద్ద దెబ్బ. 2022 డిసెంబరులో ప్రకటితమై 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన కేంద్ర నియమముల ప్రకారము పాత కార్ల డీలరు అధికార పత్రము పొందవలెను. బండి తన కప్పగింపబడిన సంగతి రవాణా శాఖకు తెలుపవలెను. దానిని బయటికి తీసిన ప్రతి ప్రయాణమును, నడిపినవాని పేరును, తిరిగిన దూరమును ఎలక్ట్రానిక్ రిజిస్టరులో వ్రాయవలెను. డీలరు చేతనున్న దినముల లెక్క ఇట్లు వ్రాతమూలముగ దొరకును. అంతకు ముందటి యేండ్ల లెక్కను మాత్రము కొనువాడు సర్వీసు రికార్డులలోను, ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్రలోను, నమ్మకమైన మేస్త్రీని వెంటబెట్టుకొని బానెట్టు క్రిందను నేటికిని తానే వెదకుకొనవలసియున్నది.