బుల్డోజర్ కంటే ముందొచ్చిన కెమెరాలు

2010లో ఒక సాలీడుకు మన నగరం పేరు పెట్టారు. మురీసియా హైదరాబాదెన్సిస్ దాని శాస్త్రీయ నామం. దీని కుటుంబానికి చెందిన సాలీళ్లు చెట్టు బెరడుకు బల్లపరుపుగా అతుక్కుని, ఆ రంగులోనే కలిసిపోతాయి. ఒంటి వెనక, దారం తీసే అవయవాలు రెండు పొడుగ్గా తోకల్లా సాగి ఉంటాయి. తెలిసినవాళ్లు వేలు పెట్టి చూపిస్తే తప్ప మన కంటికి ఆనవు. అలాంటి జీవి గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో దొరికింది. గోడ అవతల ఐటీ కంపెనీల అద్దాల మేడలు, ఇవతల సైన్సుకు అప్పటిదాకా తెలియని ప్రాణి!

ఈ ప్రాంగణం పుట్టుకే ఒక రాజీ ఒప్పందం. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ వెంటనే 1972 జై ఆంధ్ర ఉద్యమం రాష్ట్రాన్ని అట్టుడికించాక, 1973 సెప్టెంబరులో ఇందిరా గాంధీ హయాంలో ఆరు సూత్రాల పథకం వచ్చింది. హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టడం అందులో ఒక సూత్రం. అందుకోసం రాజ్యాంగంలో 371-ఇ అధికరణ చేర్చి, 1974లో పార్లమెంటులో చట్టం చేశారు. తొలి రోజుల్లో వర్సిటీ నడిచింది సరోజినీ నాయుడి కుటుంబం ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో. తర్వాత ఊరికి దూరంగా, బండరాళ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేవనుకున్న గచ్చిబౌలిలో దాదాపు 2,300 ఎకరాలు చూపించారు.

చూపించారు సరే, హక్కుపత్రం మాత్రం రాసివ్వలేదు. రెవెన్యూ రికార్డులో అది కంచగానే, సర్కారీ భూమిగానే మిగిలిపోయింది. తర్వాతి యాభై ఏళ్ల తగాదాకు వేరు అక్కడుంది. కొంత స్టేడియానికి, కొంత పరిశోధన సంస్థలకు పోయింది. టాటా మౌలిక పరిశోధన సంస్థకే 209 ఎకరాలు దక్కాయి. వీటిలో కొన్ని మంచి పనులే, కాదనలేం. కానీ వర్సిటీ స్థలమంటే అడిగినవాడికల్లా కోసివ్వొచ్చన్న అలవాటు మాత్రం అప్పుడే పడింది.

2003లో నాటి ప్రభుత్వం క్రీడా సదుపాయాల పేరుతో 400 ఎకరాలను ఐఎంజీ భారత అనే సంస్థకు కేటాయించింది. బదులుగా గోపనపల్లిలో 397 ఎకరాలు వర్సిటీకి ఇచ్చామని సర్కారు లెక్క. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2006లో ఆ కేటాయింపు రద్దు చేసింది. సంస్థ కోర్టుకెక్కింది. 2024 మార్చిలో హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే తేల్చాయి. అంతా కలిపి దాదాపు ఇరవై ఏళ్లు. ఈ వ్యాజ్యం చేసిన మేలు ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కోర్టులో ఉన్న భూమి జోలికి ఎవరూ పోలేదు. పశువులు మేశాయి, వానలు కురిశాయి, చెట్లు పెరిగాయి. మన దేశంలో వాయిదాల వల్ల లాభపడ్డ కక్షిదారులు అరుదు. ఈ కేసులో లాభపడింది, వకాలతు వేయని నెమళ్లు!

విద్యార్థుల పని మొదలైంది సరిగ్గా ఈ సందులోనే. వైల్డ్ లెన్స్ అనే విద్యార్థి బృందం కెమెరాలు పట్టుకుని తెల్లవారుజామున పీకాక్ లేక్, బఫెలో లేక్ గట్ల మీద, మష్రూమ్ రాక్ చుట్టూ తిరిగింది. ఏ పిట్ట, ఏ చోట, ఏ వేళకు, ఎన్ని? చూసింది చూసినట్టు రాసుకోవడమే పని. పాలపిట్ట, లకుముకి, శీతాకాలంలో దిగే వలస బాతులు, పొదల్లో ఉడుము, బండల నీడన నక్షత్ర తాబేలు, సాయంత్రం గడ్డికి వచ్చే చుక్కల జింకలు. అలా పేరుకున్న జాబితాలో పక్షి జాతులే రెండు వందలు దాటాయి. దీనికి మార్కుల్లేవు, డిగ్రీ లేదు. పరిశోధన పూర్తయి ఒకరు వెళ్లిపోతే జూనియర్ అందుకుంటాడు. హాస్టల్ గదులు మారుతున్నా లెక్క మాత్రం ఆగలేదు.

దేశంలో ఈ దారి తొక్కింది వీళ్లే మొదటివాళ్లు కారు. 1979లో ఢిల్లీ రిడ్జ్ అడవిని కాపాడాలని స్కూలు, కాలేజీ పిల్లలు వీధిలోకి వచ్చారు. వాళ్లు పెట్టుకున్న సంస్థే కల్పవృక్ష్. ఆ కుర్రాళ్లే 1983లో నర్మదా లోయ పొడవునా నడిచి, చూసింది రాసి, భారీ ఆనకట్టల మీద తొలి విమర్శనాత్మక నివేదికల్లో ఒకదాన్ని తెచ్చారు. నినాదం ఊపిరి ఉన్నంతసేపే నిలుస్తుంది, కాగితం మీద పెట్టింది ఫైల్లోకి ఎక్కుతుంది.

గచ్చిబౌలిలో ఆ ఫైలు అవసరం 2025లో పడింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ అభివృద్ధి చేస్తుందనీ, రూ.50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయనీ ప్రభుత్వం చెప్పింది. అక్కడ జింకలూ లేవు, పులులూ లేవు, అడ్డుపడే గుంటనక్కలే ఉన్నాయని ముఖ్యమంత్రి శాసనసభలో అన్నారు. పులులున్నాయని ఎవరూ అనలేదు. జింకల సంగతి అంటారా, వాటి ఫొటోలు అప్పటికే ఏళ్ల తరబడి పేరుకుని ఉన్నాయి.

మార్చి 30, ఆదివారం, ఉగాది. మర్నాడు రంజాన్. వరుస సెలవుల్లో యంత్రాలు దిగాయి. పగలు సరిపోక రాత్రి దీపాల వెలుతురులోనూ చెట్లు కూల్చాయి. అడ్డుపడ్డ విద్యార్థులను యాభై మందికి పైగా పోలీసులు వ్యాన్లెక్కించారు. ఈ క్యాంపస్‌లో ఏబీవీపీకీ ఎస్‌ఎఫ్‌ఐకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అప్పుడు మాత్రం ఎవరి జెండా వాళ్లదే అయినా డిమాండ్ ఒక్కటైంది. హద్దులు తేల్చామని ప్రభుత్వం చెబితే, అలాంటి సర్వే జరగలేదని వర్సిటీ రిజిస్ట్రార్ ప్రకటన ఇచ్చారు.

ఇంతలో ఇంకో ముప్పు. కృత్రిమ మేధతో అల్లిన బొమ్మలు ఫోన్లలో చుట్టేశాయి: బుల్డోజర్ ముందు పరిగెత్తే జింకల గుంపు, ఏడుస్తున్న నెమళ్లు. పెద్ద పెద్దవాళ్లే వాటిని పంచుకున్నారు. వాటిని చూపి ఉద్యమమంతా బూటకమేనని అనడానికి ప్రభుత్వానికి వీలు చిక్కింది. ఆ బొమ్మలు చేసినవాళ్లు విద్యార్థులకు మిత్రులో శత్రువులో గానీ, వాళ్ల నెత్తిన చెయ్యి మాత్రం పెట్టారు. ఏళ్ల కిందట తీసిన ఫొటోలు, వేసుకున్న జాబితాలు లేకపోతే ఆ పూట నిజానికీ అబద్ధానికీ తేడా చెప్పే ఆధారమే ఉండేది కాదు.

ఏప్రిల్ 2న హైకోర్టు ఒక రోజు ఆపమంది. 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, హైకోర్టు జ్యుడీషియల్ రిజిస్ట్రార్‌ను అప్పటికప్పుడు అక్కడికి పంపింది. దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయనీ, నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించాయనీ ఆయన నివేదిక. రికార్డులో అడవి అని లేదన్నది ప్రభుత్వ వాదన. కానీ 1996 నాటి సుప్రీంకోర్టు గోదావర్మన్ తీర్పు ప్రకారం రికార్డులో ఏమని రాసున్నా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవే. అలాంటి భూములను గుర్తించే కమిటీని రాష్ట్రం వేసింది 2025 మార్చి 15నే. కమిటీ తేల్చకముందే ఇంత తొందరేమిటన్నది కోర్టు ప్రశ్న. కొద్దిరోజులకే విద్యార్థులపై కేసులు ఎత్తివేయాలని ఉప ముఖ్యమంత్రి చెప్పారు.

కోర్టు అంతటితో ఊరుకోలేదు. నరికిన వంద ఎకరాలనూ ఎలా పునరుద్ధరిస్తారో చెప్పమంది. లేదంటే అధికారులు జైలుకెళ్లాల్సి వస్తుందని ఏప్రిల్ నెలలోనే హెచ్చరించింది. ఆగస్టులో మళ్లీ, అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదంటూనే, సమగ్ర ప్రణాళిక తెమ్మని గడువిచ్చింది.

పునరుద్ధరణ అంటే మొక్కలు నాటి ఫొటో దిగడమైతే మన ప్రభుత్వాలకు అది కొట్టిన పిండి. వరుసల్లో కానుగ, వేప నాటేసి లక్ష్యం పూర్తయిందనడానికి వీల్లేకుండా చేసే ఆధారం ఒకటి ఉంది. ఇక్కడ ముందు ఏ చెట్టుండేది, ఏ గడ్డి, ఏ పొద, ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టేది అన్న లెక్క. అందులో పెద్ద భాగం ఈ వర్సిటీ విద్యార్థుల దగ్గరే ఉంది.