కావలివాడి కునుకు

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మనవాళ్ల సామెత. ఈ సామెతను పుట్టించినవాడు పరుపుల మీద పడుకునే మనిషి అయివుండడు. బండిలో బస్తాల నడుమనో, కళ్లంలో గడ్డిమోపు మీదనో, కళ్లు మూతలుపడ్డ చోట ఒరిగిన మనిషే ఇటువంటి మాట అనగలడు. అయితే ఆ ఒరగడం తన వేళలో జరిగితే ఒకటి, యజమాని వేళలో జరిగితే మరొకటి. ఈ రెండోదానికి కూడా ఒక చరిత్ర ఉంది. కూలిని గురించీ, సమ్మెలను గురించీ రాసినంతగా మనం దాన్ని గురించి రాయలేదు.

నాకీ ఆలోచన పుస్తకాల వల్ల పుట్టలేదు. మాది పెద్దపంజాణి. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆ చుట్టుపట్లే ఒక ప్రైవేటు కళాశాలలో పనిచేశాను. అక్కడ రాత్రి కావలికి యాభై దాటిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన నన్ను "అయ్యోరూ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి. ఒకనాడు తెల్లవారుజామున యాజమాన్యంవారు కారులో వచ్చేసరికి ఆయన గేటు పక్క కుర్చీలో నిద్రపోతున్నాడు. లేపలేదు. ఫోనుతో ఫోటో తీసి, తెల్లారేసరికి సిబ్బంది అందరికీ పంపించారు. పది గంటలకు ఒక కాగితం తయారయింది. సాక్షులుగా ఇద్దరి సంతకాలు కావాలన్నారు. ఆ రాత్రి హాస్టల్లో ఉన్నవాళ్లలో నేనొకణ్ణి. సంతకం పెట్టాను. పగలంతా ఆయన మదనపల్లె టమోటా మండీలో క్రేట్లు దించుతాడని నాకు తెలుసు. కావలి జీతంతో ఇల్లు గడవదనీ తెలుసు. ఆ కాగితంలో అవేవీ లేవు. ఉద్యోగం పోయింది.

ఆ మధ్యాహ్నం నాకు ఒక గంట ఖాళీ దొరికింది. స్టాఫు రూములో కుర్చీ వెనక్కి తల వాల్చి అరగంట నిద్రపోయాను. అటెండరు వచ్చి, "టీ తెచ్చినా సార్" అని మెల్లగా లేపాడు. నన్నెవరూ ఫోటో తీయలేదు.

తెలుగు ఆడవాళ్ల రామాయణపు పాటల్లో "లక్ష్మణదేవర నవ్వు" అని ఒకటి ఉంది. ఎం.ఏ.లో దాన్ని పాఠంగా చదివాను. అప్పుడు నాకు అందులో చమత్కారమే కనిపించింది. కథ ఇది. అరణ్యవాసం 14 ఏళ్లూ లక్ష్మణుడు నిద్ర లేకుండా అన్నకూ వదినకూ కాపలా కాశాడు. పట్టాభిషేకం అయ్యాక, నిండుసభలో కొలువు చేస్తున్నవేళ, గడువు తీరిందంటూ నిద్రాదేవి వచ్చి ఎదుట నిలిచింది. లక్ష్మణుడికి నవ్వు ఆగలేదు. సభలో ఎవరికి వారు, తమ గుట్టు తలచుకొనే అతడు నవ్వాడనుకొని తలలు వంచుకున్నారు. రాముడు సైతం తననో సీతనో చూసి నవ్వాడనుకొని తల తీయడానికి సిద్ధపడ్డాడు. కారణం అడిగేదాకా ఎవరికీ అసలు సంగతి తెలియలేదు. 14 ఏళ్లు మేలుకొన్న మనిషికి నిద్ర వచ్చింది, అంతే.

ఇప్పుడు చదివితే అది చమత్కారంగా తోచదు. సేవకుడికి పనివేళ నిద్ర వస్తే ప్రభువు దాన్ని శరీరధర్మంగా తీసుకోడు, తనకు జరిగిన అవమానంగా తీసుకుంటాడు. పని ఎంత చెడిందన్న లెక్క తరువాతిది. మా గేటు దగ్గర ఆ రాత్రి ఏ దొంగా పడలేదు, ఒక్క వస్తువూ పోలేదు. అయినా వచ్చిన కోపం దొంగతనం జరిగినప్పటి కోపమే. పాట కట్టిన స్త్రీలు దీన్ని ఎరిగివుంటారు. ఎందుకంటే వాళ్లే కట్టిన మరో పాటలో, భర్త మేలుకొన్న 14 ఏళ్ల నిద్రనూ ఊర్మిళ నిద్రపోతుంది. ఒకరు మేలుకొని ఉండాలంటే ఆ నిద్రను ఇంకెవరో మోయాలి, లేకపోతే అది బాకీగా మిగిలివుంటుంది. ఈ లెక్క మన పురాణకర్తల కంటే పాటలు పాడిన ఆడవాళ్లకే బాగా తెలుసు.

తెల్లవాళ్ల పాలనలో ఇదే కథ పంకా దగ్గర నడిచింది. విద్యుత్తు రాకముందు కచేరీల్లో, దొరల బంగళాల్లో కప్పు నుంచి గుడ్డ పంకాలు వేలాడేవి. దానికి కట్టిన తాడు గోడ కన్నంలోంచి వరండాలోకి వచ్చేది. అక్కడ కూర్చున్న కూలీ గంటల తరబడి దాన్ని లాగాలి. చేతులు పడిపోతే కాలికి కట్టుకొని లాగేవాడు. ఆ ఒకే కదలిక, ఆ ఉక్క, ఆ చీకటి, వీటిమధ్య కునుకు రాకుండా ఉండడం మానవమాత్రుడికి సాధ్యమా? ఆ కాలపు ఇంగ్లీషువాళ్ల రాతల్లో నిద్రపోతున్న పంకా కూలీ ఒక హాస్యపాత్ర. చెప్పు విసరడం, నీళ్లు కుమ్మరించడం, తన్నడం అంతా వినోదంగా రాసుకున్నారు. తన్నులకు చచ్చిపోయినవాళ్లు కూడా ఉన్నారు. అటువంటి కేసుల్లో తరచు ఒకే వాదం వినిపించేది: చలిజ్వరం వల్ల కూలీ ప్లీహం ముందే ఉబ్బివుంది గనుక చిన్న దెబ్బకే పగిలింది అని. మన పల్లెల్లో బల్ల అంటారే, ఆ జబ్బే దొరను జైలు నుంచి కాపాడేది. పెక్కుసార్లు జరిమానాతో సరిపోయేది. మరొక సంగతి మనం గమనించాలి. రాత్రి పంకా దేనికోసం? దొర నిద్ర కోసం. ఒకడి నిద్రకు హామీగా మరొకడి మెలకువను కొన్నారు. ఆ మెలకువ చెడినప్పుడు ప్రాణం మీదికి వచ్చింది.

మిల్లులు వచ్చాక తన్నుల స్థానంలో గడియారం వచ్చింది. మద్రాసులో బకింగ్‌హామ్ మిల్లు 1876లో, కర్నాటిక్ మిల్లు 1881లో వెలిశాయి. తమిళులతోపాటు తెలుగు కార్మికులూ ఆ మిల్లుల్లో పనిచేశారు. 1881లోనే మొదటి ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అది పిల్లలకు రోజుకు 9 గంటల హద్దు పెట్టింది, పెద్దల జోలికి పోలేదు. 1891 చట్టం స్త్రీలకు 11 గంటల హద్దూ, మధ్యాహ్నం అరగంట విరామమూ తెచ్చింది. మగవాడికి మాత్రం హద్దు లేదు. పైగా విద్యుద్దీపాలు వచ్చాక పగలు కూడా సాగింది. చీకటిపడ్డా మగ్గాలు ఆగలేదు.

ఈ పరిస్థితిలోనే 1908లో ఫ్యాక్టరీ కార్మికుల కమిషన్ నివేదిక వచ్చింది. కునుకును గురించి ఆసక్తి ఉన్నవారు దీన్ని తప్పక చూడాలి. యజమానుల వాదం స్థూలంగా ఇది: హిందూదేశపు కార్మికుడు రోజంతా యంత్రం దగ్గర ఉండడు, మాటిమాటికీ ఆవరణలోకి పోతాడు, పొగ తాగుతాడు, నీడలో కూర్చుంటాడు. తనకు కావలసిన విశ్రాంతి తానే తీసుకుంటున్నప్పుడు అతనికి చట్టమెందుకు? ఈ తర్కం ఎంత తలకిందులైనదో చూడండి. 14 గంటలు నిలబెట్టినందువల్ల మనిషి దొంగచాటుగా తీసిన కునుకును, 14 గంటలు నిలబెట్టడం తప్పు కాదనడానికి రుజువుగా వాడుకున్నారు. బద్ధకస్తుడని తిట్టడం, ఆ బద్ధకమే వాడి విశ్రాంతి అని సమర్థించుకోవడం ఒకే నోటితో జరిగాయి. కమిషన్‌లో ఎక్కువమంది పురుషుల పనిగంటలకు నేరుగా హద్దు పెట్టడానికి ఒప్పుకోలేదు. మద్రాసు నుంచి సభ్యుడుగా ఉన్న డాక్టర్ టి.ఎం. నాయర్ ఒక్కడు విభేదించి వేరుగా రాశాడు. తరువాతి కాలంలో జస్టిస్ పార్టీ నాయకుడుగా మనకు తెలిసిన నాయర్ ఈయనే. ఆయన రాజకీయాలతో నాకు పేచీలున్నాయి. కాని వృత్తిరీత్యా వైద్యుడు కావడం వల్ల కాబోలు, మగవాడి శరీరానికి కూడా ఒక హద్దు ఉందన్న సంగతి ఆయన మరచిపోలేదు. 1911 చట్టం చివరకు బట్టల మిల్లుల్లో పురుషులకు 12 గంటల హద్దు పెట్టింది.

1918 ఏప్రిల్‌లో మద్రాసు కార్మిక సంఘం ఏర్పడింది. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు దాన్ని లేవదీశారు, బి.పి. వాడియా అధ్యక్షుడయ్యాడు. మధ్యాహ్న విరామం చాలడం లేదన్నది ఆ సంఘం మొట్టమొదటి ఫిర్యాదుల్లో ఒకటి. కూలి పెంపుతోపాటు కార్మికులు అడిగినది కొన్ని నిమిషాలు! మిల్లు గేటు దాటి, చేతులు కడుక్కొని, అన్నం తిని, నడుం వాల్చకుండానే తిరిగి గంట మోగేది. చట్టం 1922లో వారానికి 60 గంటలకూ, 1934లో 54 గంటలకూ, 1946లో 48 గంటలకూ దిగివచ్చింది. 1948 చట్టం 5 గంటల పనికి కనీసం అరగంట విరామం ఉండాలనీ, 150 మందికి మించిన చోట విశ్రాంతి గది ఉండాలనీ చెప్పింది. ప్రతి గంట వెనుకా పోరాటం ఉంది. ఈ విజయాన్ని తక్కువ చేసి చూడడం తగదు. కాని దాంతోపాటు ఒక గీత కూడా పడింది: గంట కొట్టిన తరువాతిది విశ్రాంతి, గంటకు ముందుది దొంగతనం.

కాపలా పని ఈ గీతకు లోబడదు. కాపలావాడి పని ప్రధానంగా ఎదురుచూడడం. మార్క్స్ "పెట్టుబడి" గ్రంథంలో పనిదినం గురించిన అధ్యాయంలో, 1866 నాటి ఒక రైలు ప్రమాదం విచారణను ప్రస్తావించాడు. గార్డు, డ్రైవరు, సిగ్నల్‌మన్ ముద్దాయిలుగా నిలబడ్డారు. పనిగంటలు 14కూ, 18కీ, 20కీ పెరిగాయనీ, రద్దీ రోజుల్లో 40, 50 గంటలు ఏకధాటిగా పనిచేయవలసి వచ్చిందనీ వాళ్లు చెప్పుకున్నారు. మన 1989 రైల్వే చట్టం ఉద్యోగాలను తరగతులుగా విడదీసింది. డ్యూటీలో సగం గాని అంతకు మించి గాని ఖాళీగా గడిచే ఉద్యోగాన్ని వేరు చేసి, దానికి వారానికి 75 గంటల హద్దు పెట్టింది. సాధారణ తరగతికి 54. గేటు దగ్గర కాచుకొనివుండే ఉద్యోగులలో చాలామంది ఈ 75 గంటల తరగతివారే. బండికీ బండికీ మధ్య వాళ్లు ఏకాగ్రత చూపనక్కరలేదని చట్టమే ఒప్పుకుంటుంది. కాబట్టి ఎక్కువ గంటలు ఉండమంటుంది. అంటే, ఖాళీని లెక్కలో చూపి డ్యూటీని పొడిగించారు. ఆ ఖాళీలో కళ్లు మూసే హక్కు మాత్రం ఇవ్వలేదు.

జపానులో కొలువులో కునికే మనిషిని గౌరవంగా చూస్తారని, దానికి "ఇనెమురి" అని పేరు కూడా ఉందని ఈమధ్య మన పత్రికలు ముచ్చటగా రాస్తున్నాయి. అంతగా కష్టపడ్డాడు కాబోలు అనుకుంటారట. సంతోషమే. కాని ఆ మన్నన బల్ల ముందు కూర్చునే ఉద్యోగికి దక్కినట్టు యంత్రం ముందు నిలబడేవాడికి దక్కుతుందని నేననుకోను. మా స్టాఫు రూములో నాకు దక్కినది ఇనెమురియే.

మా ఊళ్లవైపు పట్టుపురుగుల పెంపకం ఉంది. మా ఇంట్లోనూ కొన్నేళ్లు పెంచారు. పురుగు తన జీవితంలో నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. అప్పుడు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. మావాళ్లు దీన్ని జ్వరం అంటారు. పురుగు జ్వరంలో ఉన్నంతసేపూ ఆకు వేయకూడదు, తట్ట కదపకూడదు. ఇంట్లో పిల్లలం గట్టిగా మాట్లాడితే మా అవ్వ కసిరేది. నాలుగో జ్వరం దాటాక మాత్రం ఒక వారం రోజులు పురుగు విపరీతంగా మేస్తుంది. బతుకులో తినే ఆకులో అధికభాగం ఆ వారంలోనే. అప్పుడు రాత్రీ పగలూ లేదు. మా అమ్మ తట్టల మధ్య నిలబడే కునికేది. మల్బరీ ఆకు చేతిలో ఉండగానే తల గోడకు ఆనేది. "ఏమే, నీకూ జొరమొచ్చిందా?" అని అవ్వ ఎత్తిపొడిచేది. పురుగు నిద్రకు ఇంటిల్లిపాదీ ఊపిరి బిగపట్టారు. అమ్మ నిద్రకు ఎత్తిపొడుపు. అది యజమాని లేని ఇల్లు, కూలి లేని పని. అయినా చూపు మారలేదు. కేవలం వర్గదృష్టితోనే దీన్నంతా వివరించగలమనుకునే మిత్రులు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

న్యాయస్థానాలు కొంత ముందుకు వచ్చాయి. 2012లో రామ్‌లీలా మైదానం కేసులో సుప్రీంకోర్టు నిద్రను జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. మాకు ఆనుకొనివున్న కర్ణాటకలో 2024 జూలైలో, కళ్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థలోని ఒక రవాణా కానిస్టేబులును డ్యూటీలో నిద్రపోయాడని సస్పెండ్ చేశారు. అక్కడా ఆధారం ఒక వీడియోయే. రెండు షిఫ్టులు కలిపి రోజుకు 16 గంటలు, రెండు నెలలపాటు అతని చేత పని చేయించారని విచారణలో తేలింది. 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నిద్రపోయినవాడిది కాదు, నిద్ర లేకుండా చేసిన సంస్థదే తప్పంది. రాముడు కారణం అడిగిన ఘట్టం ఇదే అనిపించింది నాకు.

కాని అదే 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటల హద్దును 9 నుంచి 10కి పెంచడానికి ఆమోదం తెలిపింది. విరామం ఇవ్వకుండా చేయించగల పని 5 గంటల నుంచి 6 గంటలకు పెరగాలన్నది అందులో భాగం. నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి, 1948 చట్టం తెరమరుగయింది. 1918లో నిమిషాలు అడిగిన మద్రాసు కార్మికుల తరువాత 107 ఏళ్లకు, మనం గంటలు తిరిగి ఇచ్చే మాట మాట్లాడుకుంటున్నాం. ఆ ఆరో గంటలో మగ్గం దగ్గరో, కన్వేయర్ బెల్టు దగ్గరో ఎవరి తలో వాలుతుంది. దాన్ని ఫోటో తీయడానికి ఇప్పుడు ప్రతి జేబులోనూ సాధనం ఉంది. సాక్షి సంతకానికి నావంటివాళ్లూ దొరుకుతారు.

ఆ కావలి అన్నను మొన్నీమధ్య పుంగనూరు బస్టాండులో చూశాను. నేను పలకరించకముందే ఆయనే "అయ్యోరూ, బాగుండారా?" అన్నాడు. ఇప్పుడు ఒక ఏ.టి.ఎం. దగ్గర రాత్రి కాపలా అట. పగలు మండీ మానలేదు. నిద్ర ఎట్లా అని అడిగాను.

"ఆడ కుర్చీ ఎయ్యలేదు అయ్యోరూ. కూసుంటే కదా నిద్దరొచ్చేది!" అని నవ్వాడు.

బస్సు వచ్చి ఆయన వెళ్లిపోయాడు. నన్ను చూసే నవ్వాడనుకున్నాను.